ఏడున్నర వోల్టులు

రామచంద్రపురం వెళ్ళే రోడ్డు మీద మా నాన్నకి మోటార్ల వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టి ఇవ్వడం పని. నేను ఇంటర్లో ఫిజిక్సు తప్పి, ఆ సెలవుల్లో ఊరికే కూర్చోలేక షాపులో కూర్చున్నాను. పెళ్ళయి రెండు వీధుల అవతల కాపురం పెట్టాక కూడా అక్కణ్ణుంచి లేవలేదు. ఫిజిక్సు నన్ను ఫెయిల్ చేసింది గానీ వదిలిపెట్టలేదు.

మోటారు లోపల తీగ మూడు ఫేజులుగా ఉంటుంది, మూడూ సమానంగా ఉండాలి. చేతి మీటర్లు అంత చిన్న రెసిస్టెన్సుని సరిగ్గా చూపించవని నాన్నకి వాటి మీద గురి లేదు. పాత కారు బ్యాటరీ, దానికో హెడ్‌లైటు బల్బు, ఒక వోల్టుమీటరు, ఒక అమ్మీటరు తగిలించి, ఒక్కో ఫేజులోకీ కరెంటు పంపేవాడు. ముల్లు చూసి అంకె చెప్పడం నా వంతు, భాగించడం ఆయన వంతు.

"ఎంతమ్మా?"

"ఎనిమిది వోల్టులు."

"కరెంటు?"

"రెండు."

"నాలుగు ఓములు. రాసుకో."

ఇరవై ఏళ్ళలో నేను చెప్పిన అంకెని ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. కూరలో ఉప్పు సరిపోయిందంటే మాత్రం నమ్మేవాడు కాదు, వేలితో రుచి చూశాకే కంచం ముందు కూర్చునేవాడు. మీటరు దగ్గర నా మాటే మాట.

చుట్లని ఆయన నోటితోనే లెక్కపెట్టేవాడు. ఒక్కో కాయిలుకి డెబ్భై చుట్లు. ఆయనకి డెబ్భై ఏళ్ళు దాటాక ఒక రోజు విన్నాను, "యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, డెబ్భై" అని తీగ తెంపేశాడు. అరవైలు మొత్తం ఎగిరిపోయాయి. నవ్వొచ్చింది. మధ్యాహ్నం ఇంకో కాయిలుకీ అదే జరిగింది, నవ్వు రాలేదు.

సాయంత్రం మీటర్లు తగిలించాం. రెండు ఫేజులు ఎనిమిదేసి వోల్టులు చూపించాయి. మూడో దాని మీద ముల్లు ఏడున్నర దగ్గర ఆగింది.

"ఎంతమ్మా?"

"ఎనిమిది," అన్నాను.

"కరెంటు?"

"రెండు."

"నాలుగు. రాసుకో," అన్నాడు, చేతులు తుడుచుకుంటూ. మూడుముప్పావు ఉన్నచోట నాలుగు రాసుకున్నాను.

మర్నాడు ఆయన అన్నానికి వెళ్ళి కాస్త నడుం వాల్చే వేళకి, ఆ మోటారు విప్పి మళ్ళీ చుట్టాను. అలా పదకొండు మోటార్లు చుట్టాను. ఆయన పరువు నిలబెడుతున్నానని నా మీద నాకే గొప్ప ప్రేమ పుట్టుకొచ్చింది.

పన్నెండోది నా చేతికి చిక్కలేదు. రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే ఏరియేటర్‌ది. నేను మా పాపని బళ్ళో దింపి వచ్చేలోపు రైతు వచ్చి అడిగితే, పుస్తకంలో మూడు నాలుగులూ చూసి నాన్న ఇచ్చేశాడు. ఒక ఫేజులో చుట్లు తగ్గితే అది కరెంటు ఎక్కువ లాగుతుంది. వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు, పనికి రాని వాట్లన్నీ వేడి. ఆ లెక్క నాకు బాగా తెలుసు. తెలిసీ ఆ రైతు వెనకాల పరిగెత్తలేదు. పరిగెత్తితే నాన్నకి చెప్పాల్సి వస్తుంది.

మూడు వారాలకి ఆ రైతు మోటారు తెచ్చి గుమ్మంలో దింపాడు. "మీ చేతి మోటారు ఏళ్ళకేళ్ళు తిరిగేదండి. ఇదేంటండీ ఇలా అయిపోయింది. గాలందక సగం చెరువు రొయ్యలు చచ్చి తేలిపోయాయండి." కోప్పడలేదు ఆయన. కోప్పడి ఉంటే బాగుండేది.

నాన్న మూత విప్పాడు. రెండు ఫేజులు రాగి రంగులోనే ఉన్నాయి, మూడోదొక్కటే మాడి నల్లబడింది. చాలాసేపు చూశాడు. పుస్తకం తీసి నా నాలుగులు చూశాడు. తర్వాత, పొద్దున్న తను చుట్టిపెట్టిన మోటారు లాక్కుని బ్యాటరీ తగిలించాడు. నన్ను ఎంత అని అడగలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు అద్దానికి ఆనేంత వంగి ముల్లు చూశాడు.

"ఏడున్నర," అన్నాడు తనలో తను. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలైంది నాన్నా. మిగతావన్నీ నువ్వు ఇంటికెళ్ళాక మళ్ళీ చుట్టేశాను."

"లెక్క తప్పుతున్నావని చెప్తే చుట్టడం మానేసేవాణ్ణి కదమ్మా. నువ్వు చుట్టేదానివి, నేను భాగించేవాణ్ణి."

అంత తేలికైన దారి నాకెందుకు తోచలేదో ఇప్పటికీ తెలీదు. ఆ మాట గుర్తొస్తే వంట చేస్తూ కూడా ఏడుస్తాను. అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు అని చిన్నప్పుడు నాకు నేర్పింది ఆయనే.

రైతు మోటారు ఆ పూటే నేను చుట్టిచ్చాను. ఆ రోజు నుంచి నాన్న తీగ ముట్టుకోలేదు. షాపుకి మాత్రం ఇంకో ఏడాదిన్నర వచ్చాడు, నాతో బాగానే మాట్లాడేవాడు, నా టీలో తనే చక్కెర కలిపేవాడు. నేను "ఎనిమిది" అంటే "ఊ" అని, బల్ల పట్టుకుని లేచి, వంగి ముల్లు చూసుకుని, అప్పుడు భాగించేవాడు. చివర్లో ముల్లు బొత్తిగా కనబడక, షాపుకొచ్చిన వాళ్ళని పిలిచేవాడు. "ఏమండీ, ఆ ముల్లు ఎంత మీదుందో కాస్త చూసి చెప్తారా?"

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి వంగి చూసి ఎనిమిదండీ అనేవాడు. నాన్న వెంటనే నాలుగు అనేవాడు. నేను పక్కనే నిలబడి రాసుకునేదాన్ని.