ప్రింటరు అలిగిన ఈస్టరు

మొన్న మా అమ్మాయి నా ల్యాప్‌టాప్‌లో విండోస్‌కి బదులు వాడే లినక్స్ కొత్త వెర్షన్ వేసి ప్రింటరు తీగ తగిలించిందో లేదో, నేను కళ్ళజోడు వెతుక్కునే లోపే ప్రింటరు సిద్ధంగా ఉందని తెర మీద కబురు వచ్చేసింది. ఇంతేనా అన్నాను. ఇంతేనమ్మా, ఇంకేం కావాలి అని నవ్వుతూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఒకప్పుడు ఇదే పనికి నానా తిప్పలు పడ్డదాన్ని కనుక, సంతోషంతో పాటు నాకు కాస్త చిన్నతనంగా కూడా అనిపించింది. ఆ రోజుల్లో ఇలాంటి యంత్రాలతో కుస్తీ పట్టిన నా ఈడువాళ్ళకు ఈ మాట అర్థమవుతుంది.

ఇప్పుడు భిలాయిలోనే మరోదా అనే పేటలో ఉంటున్నాం గానీ, అప్పట్లో మాది ఉక్కు ప్లాంటువాళ్ళ సెక్టర్ 7 క్వార్టరు. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్స్ దగ్గర పనిచేసి రిటైరైన మా నాన్న, అమ్మ పోయాక మా దగ్గరే ఉండేవారు. శ్రీకాకుళం వైపు నుంచి కుర్రవాడిగా వచ్చిన రోజు మొదలు, క్యాంప్ 2లోని మా తెలుగువాళ్ళ చర్చిలో క్రిస్మస్ అయినా ఈస్టరు ఉదయమైనా మొదటి పాట ఎత్తుకునేది ఆయనే. అలాంటి మనిషి ఒక క్రిస్మస్‌కి రెండో చరణం దగ్గర ఆగిపోయారు. మరిచిపోయారని అందరూ అనుకున్నారు. నిజానికి పాటల పుస్తకంలోని సన్న అక్షరాలు ఆయనకు ఆనలేదు. పోయిన చూపు ఇక తిరిగిరాదని కంటి డాక్టరు అప్పటికే చెప్పేశాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ, “ఇంక నాను ఎత్తుకోనమ్మా. పది మందిలో నవ్వులపాలు కావడం ఏటికి?” అన్నారు. ఆ మాట నాకు ఈస్టరు దగ్గరపడేదాకా గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

బొటనవేలంత అక్షరాలతో పాట రాసిస్తే చాలు, ఆయన చదవగలరు. అయితే నేను హిందీ మీడియంలో చదివి లెక్కలు చెప్పుకునే టీచరమ్మను, నా తెలుగు రాత కోడి కెలికినట్టు ఉంటుంది. బజారులో టైపు చేయిద్దామంటే ఆ షాపువాడి కంప్యూటరులో ఒత్తు ఒకచోట, గుడి ఒకచోట విడిపోయి తెలుగు తెలుగులా లేకుండా పోయింది. అప్పుడు ఆదుకున్నది పక్క క్వార్టరులోని బెంగాలీ దీదీ. కాలేజీలో కంప్యూటర్లు బోధించే ఆవిడ తన పాత కంప్యూటరులో లినక్స్ వేసి, ఒక పాత ప్రింటరు కూడా జత చేసి ఇచ్చి, సెలవులకు పుట్టింటికి వెళ్ళిపోయింది. తెర మీద తెలుగు అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. కాగితం మీదికి మాత్రం దిగలేదు.

వింత ఏమిటంటే, ప్రింటరును కంప్యూటరులోంచి తీసేసి మళ్ళీ కొత్తగా చేర్చినప్పుడల్లా పరీక్ష కాగితం బుద్ధిగా వచ్చేది, బాగైందని పాట దిద్దుకుని మర్నాడు నొక్కేసరికి మళ్ళీ అలిగేది. ఇంటర్నెట్‌లో వెతికితే ఏ దేశంవాళ్ళో, ముక్కూ మొహం తెలియనివాళ్ళు, ఇది చేసి చూడమ్మా, అది మార్చి చూడమ్మా అన్నట్టు ఎంతో ఓపికగా రాసిపెట్టారు. వాళ్ళు చెప్పినవన్నీ చేశాను. ఆ చేయడంలోనే డ్రైవరంటే ఏమిటో, ప్రింటుకు పంపినవి వరసలో ఎక్కడ నిలబడతాయో నేర్చుకున్నాను. వాళ్ళ మేలు ఈనాటికీ మరువలేను. ప్రింటరు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

మా ఆయన ప్లాంటులో ఎలక్ట్రికల్ మనిషి. డ్యూటీకి బయలుదేరుతూ ఇంట్లో స్విచ్చులన్నీ కట్టేయందే చెప్పులు తొడిగేవారు కాదు. నేను కంప్యూటరు స్విచ్చి ఒక్కటే వేసి, ప్రింటరుది మరిచి ప్రింటు నొక్కేదాన్ని, తర్వాత నాలుక కరుచుకుని వెళ్ళి స్విచ్చి వేసేదాన్ని. ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఇంట్లో ఏ వస్తువు బాగుచేసినా, ప్లాంటులో లాగే స్విచ్చికి ఒక ఎర్ర అట్టముక్క వేలాడదీసేవారు. తగిలించిన మనిషే దాన్ని తీయాలి, అంతవరకూ ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఈస్టరు ముందు శనివారం ముందుగది ఫ్యాను బాగుచేసి, అట్ట తీయడం మరిచి టీ తాగడానికి వెళ్ళిపోయారు. భిలాయి ఎండలో నాన్నా నేనూ చెమటలు కక్కుతూ, బాగున్న ఫ్యాను కిందే విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నాం. నాన్న కూడా ప్లాంటు మనిషే కదా, అట్ట జోలికి పోరు!

ఆ ఫ్యానును చూస్తూంటే నాకు తట్టింది. ప్రింటరుకు రోగం లేదేమో, కంప్యూటరు దానికి అట్ట తగిలించిందేమో! లేచి వెళ్ళి సెట్టింగుల్లో చూస్తే, ‘ఎనేబుల్డ్’, అంటే పనిచేయనిచ్చాం అన్న మాట పక్కన గడి ఖాళీగా ఉంది. స్విచ్చి కట్టేసినప్పుడు పని పంపితే, ప్రింటరు చెడిందనుకుని కంప్యూటరు దాన్ని ఆపేస్తోంది, కరెంటు వచ్చినా మనం చెప్పేదాకా మళ్ళీ మొదలుపెట్టదు. ఆ గడిలో టిక్కు పెట్టాను. అంతే, ప్రింటరు ఒక్క మూలుగు మూలిగి, ఆ వారమంతా నేను నొక్కినవన్నీ కక్కడం మొదలుపెట్టింది. ఒకే పాట, కాగితం మీద కాగితం! అప్పుడే లోపలికొచ్చిన మా ఆయన “అరె, ఏటైందే దీనికి? కట్టెయ్, కట్టెయ్!” అంటూ స్విచ్చి వైపు పరుగెత్తారు. “మీకు దండం పెడతాను, దాన్ని ముట్టుకోకండి” అని చెయ్యి పట్టుకు లాగేశాను.

నాన్న ఒక కాగితం అందుకుని, చేయి చాచి పట్టుకుని, మొదటి చరణం చివరిదాకా చదివారు. ఆ తర్వాత నాకేసి చూడలేదు, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. మిగిలిన కాగితాలు పారేయడానికి మనసొప్పక మర్నాడు సంచిలో పెట్టుకుని చర్చికి తెచ్చి, తన జతగాళ్ళ చేతుల్లో పెట్టారు.

ఆ ఉదయం ఆయన పాట ఎత్తుకున్నారు. రెండో చరణం దగ్గర తడబడలేదు. నేను కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగితే, ఏళ్ళ తరబడి పాటల వేళ పెదవి కదపని ముసలివాళ్ళంతా కాగితాలు ఎత్తిపట్టుకుని గొంతెత్తి పాడుతున్నారు. గొంతు పోయింది కాబోలని వాళ్ళను మేం వదిలేశాం. పోయింది గొంతు కాదు, చూపు అని వాళ్ళూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ తర్వాత ప్రతి పండక్కీ ఎవరికెంత అక్షరం కావాలో నేనే ఇంటింటికీ వెళ్ళి కనుక్కునేదాన్ని.

నాన్నా, ఆ జతగాళ్ళూ వెళ్ళిపోయారు. ఇప్పుడు పాటలన్నీ ఫోనులోనే ఉన్నాయి, రెండు వేళ్ళతో లాగితే అక్షరం ఎంతంటే అంత అవుతుంది. ఈ సుఖం మా నాన్నకు దక్కి ఉంటే ఎంత మురిసేవారో! కాకపోతే ఎవరికి చూపు తగ్గిందో ఇప్పుడు ఎవరికీ తెలియడం లేదు. పోయిన ఏడాది నుంచి నేనూ అక్షరాలు పెద్దవి చేసుకునే చదువుతున్నాను. ఇంట్లో ఇంకా ఎవరూ అడగలేదు.