అయోడిన్ అణువు నిలిచిన పూట

2007 జనవరి 22, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, మా కాలేజీ చీకటి గదిలో గాజు గొట్టంలోని అయోడిన్ ఆవిరి లేజర్ కాంతికి మొదటిసారి మసకగా, ఎర్రగా వెలిగింది. పది ఇరవై ఆరుకు ఆరిపోయింది. ఎందుకు ఆరిందో ఆ రోజు తెలియలేదు. వారం తర్వాత తెలిసింది. ఆ గది వెనుక గోడకు అవతలే సండూరు గనుల వైపు నుండి ఇనుప ఖనిజం మోసుకొచ్చే లారీల దారి ఉంది. నిండు లారీ దాటితే నేల వణికేది. నేల వణికితే లేజర్ రంగు వెంట్రుకవాసి జరిగేది. అంత మాత్రం జరిగినా అయోడిన్ దానిని స్వీకరించేది కాదు.

అణువు తోచినంత శక్తితో ఉండడానికి వీల్లేదు. దానికి మెట్లు ఉంటాయి. మెట్టుకూ మెట్టుకూ మధ్య నిలవడానికి చోటు లేదు. లేజర్ రంగును కచ్చితంగా ఎన్నుకుంటే, కోరిన ఒక్క మెట్టు మీదికే అణువులను ఎక్కించవచ్చు. అలా ఎక్కిన అణువును పక్క అణువు తాకినప్పుడు అది ఏ మెట్టుకు జారుతుందో, వెలువడే వెలుగును విడదీసి చూస్తే తెలుస్తుంది. నా పరిశోధన అంతా ఇంతే. గొట్టం కొసను చల్లబరుస్తూ, ఆవిరిని తగ్గిస్తూ, ఐదు ఒత్తిడుల దగ్గర కొలిచి, ఆ ఐదు చుక్కల మీదుగా ఒక గీత గీయాలి. ఒక్కో కొలతకు నలభై నిమిషాల పాటు లేజర్ రంగు చలించకూడదు.

లేజర్ మాది కాదు. బెంగళూరులోని మా గైడు దయతలచి ఇచ్చింది. అక్టోబరు నెలాఖరుకు తిరిగి పంపాలి. డాక్టరేట్‌కు విశ్వవిద్యాలయం నాకిచ్చిన చివరి గడువు డిసెంబరు. అప్పటికి నా వయస్సు నలభై నాలుగు. ఇంకొక గడువు ఇవ్వరని వ్రాతపూర్వకంగానే తెలిపారు.

నాతో పనిచేసే ఒకే ఒక్క సహోద్యోగి, జూనియర్ లెక్చరర్, రూపనగుడి అనే ఊరి రైతు కుటుంబంవాడు. ట్రాక్టర్ ట్యూబులు రెండు తెచ్చి, గాలి నింపి, వాటి మీద కడప బండను పరచి, లేజర్‌ను దాని మీద పెట్టాడు. వణుకు తగ్గింది కానీ పోలేదు. రాత్రిపూట లారీలు ఇంకా ఎక్కువ. సెప్టెంబరు దాకా మాకు ఒక్క పూర్తి కొలత దక్కలేదు.

"ఈ లారీలు ఒక్కరోజైనా ఆగవా?" అన్నాను ఒకనాడు అతడితో.

"ఆగతాయి మేడమ్. ఆయుధపూజ దినం. ఆ పొద్దు ఒక్క చక్రం తిరగదు. కానీ ఆ పొద్దు మన మిషన్ కూడా ముట్టగూడదు గదా."

"పూజకు ముందు ముట్టుకుంటే?"

"సరే. పూజ అయ్యేదాకా అది ఆయుధం గాదనుకుందాం."

సెలవు రోజున గది తెరవాలంటే కాలేజీ యజమాని అనుమతి కావాలి. ఒకప్పుడు ఆయనకు పొలాలు ఉండేవి. ఇప్పుడు లారీలు కూడా ఉన్నాయి.

"ఏందమ్మా, మీ అణువులు లారీకెత్తితే ఎన్ని టన్నులు తూగుతాయి?" అన్నారాయన.

"తూగవు సార్."

"అట్లయితే టన్నుకింతని కట్టే రాయల్టీ లేదు పో. తెరుచుకోండి. కానీ పూజ లేకుండా ఏ మిషనూ ఉండగూడదు. మధ్యాహ్నం నేనే వస్తా."

అక్టోబరు 20, శనివారం. తెల్లవారుజామునే బ్రూస్‌పేటలోని మా ఇంటి నుండి ఆటోలో బయలుదేరి ఆరింటికి గది తెరిచాను. దారి మీద కాకుల అరుపు వినిపించింది. అంతకుముందు ఆ గదిలో నేను కాకి గొంతు వినలేదు. ఆరూ యాభైకి లేజర్ కోరిన మెట్టు మీద నిలిచింది. ఏడున్నరకు మొదటి కొలత ముగిసింది.

"కదల్లేదు మేడమ్. బండరాయి మాదిరి ఉండాది," అన్నాడు నా సహోద్యోగి.

గొట్టం కొసను మరికొంత చల్లబరచి ఎనిమిదింటికి రెండవది మొదలుపెట్టాము. మధ్యాహ్నం వస్తానన్న యజమాని కారు ఎనిమిదింబావుకే వచ్చింది. పురోహితుడు, టెంకాయలు, బంతిపూల దండ.

"ఈ తూరి మొదటి టెంకాయ మీకేనమ్మా. సరస్వతి ముందు, లారీలు తర్వాత."

"ఇరవై ఐదు నిమిషాలు ఆగుతారా సార్?"

"తొమ్మిదికి రాహుకాలం పడతాది. ఆలోగా లారీల కాడ కూడా ముగించల్ల గదా."

నా సహోద్యోగి మీట నొక్కి లేజర్ ఆపాడు. నడుస్తున్న పనిముట్టుకు పూజ చేయరు; అది అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

"వెలుగు యాడ పుడతాదప్పా?" అని యజమాని అడిగితే, అతడు సంబరంగా లేజర్ మూత తీశాడు. "ఈ బంగారు పలక చూడండి దణీ. రంగును ఏరేది ఇదే."

అది గ్రేటింగ్. గోరంత పలక మీద కంటికి కనబడని గీతలు వేల కొద్దీ ఉంటాయి. దాని మీద ఊపిరి కూడా తగలనివ్వము. యజమాని తడి కుంకుమలో ఉంగరపు వేలు అద్ది, దాని నడిమధ్య బొట్టు పెట్టారు. అంత మెల్లగా ఆయన ఏ లారీకీ పెట్టి ఉండరు. మేము నోరు తెరిచే లోపలే అది జరిగిపోయింది. ప్రసాదం మా చేతుల్లో పెట్టి, తృప్తిగా వెళ్లిపోయారు.

నా సహోద్యోగి దూది అందుకున్నాడు. వద్దన్నాను. బొట్టు ఉంటే లేజర్ రంగు నిలవదు; తుడిస్తే బొట్టుతో పాటు గీతలూ పోతాయి.

"పూజబొట్టు తుడిచేది కూడా తప్పే మేడమ్," అని, దూది కింద పెట్టి, గోడవారగా కూర్చున్నాడు.

ఆ రోజు సాయంత్రం దాకా దారి మీద ఒక్క లారీ కూడా పోలేదు. ఐదింటి వరకు నేను ఆ నిశ్శబ్దంలోనే ఉన్నాను.

కొత్త గ్రేటింగ్ విదేశం నుండి రావాలనీ, డిసెంబరులోగా రాదనీ గైడు ఫోనులో చెప్పారు. బొట్టుతోనే లేజర్‌ను పంపించాము. జనవరిలో నా నమోదు రద్దయింది. ఆ వేసవిలో నా సహోద్యోగి వాళ్ల అన్న లారీల లెక్క చూసుకోవడానికి వెళ్లిపోయాడు. "ఈడ ఇంగ ఏముండాది మేడమ్?" అన్నాడు.

యజమాని ఎదురైనప్పుడల్లా అడిగేవారు: "పూజ చేసినాక మిషన్ బాగా నడుస్తాండాదా అమ్మా?"

"నడుస్తోంది సార్," అనేదాన్ని.

పోయినవి: గ్రేటింగ్ ఒకటి, కొలతలు నాలుగు, డాక్టరేట్, ఆ గదికి వచ్చే రెండవ మనిషి.

మిగిలినవి: అయోడిన్ గొట్టం, గాలి దిగిన ట్రాక్టర్ ట్యూబులు రెండు, గ్రాఫు కాగితం మీద మొదటి కొలత చుక్క ఒకటి. చుక్క ఉండవలసిన చోటే ఉంది. ఒక్క చుక్కతో గీత గీయలేము.