లక్ష్మీరాజం పార్టీ

మా సిరిసిల్ల వాడల లక్ష్మీరాజం అడివిల అన్నల పార్టీల కలిసిండనుడు వట్టి పుకారు. బొంబాయి దిక్కు భీవండిల బట్ట నేసే సాంచాల మీద పనిచేసినప్పుడు ఐతారాలు బండలెక్కుడు నేర్సుకొని వచ్చిండు, గంతే. వాడోళ్లను గుట్టకు తోలుకపోయి తాడుతోటి బండలెక్కియ్యాలని ఆయన ఆశ. పొద్దుగాల అరుగు మీద కూసుండి తాడు ముడేసి గుంజుతడు. తెగిన పోగు అతికినట్టే ముడిని వేళ్లతోటి తడిమి చూస్తడు. "ఐతారం పార్టీని గుట్టకు తీస్కపోత" అని చాయ్ హోటల్ల అన్నడు. భీవండిల బండలెక్కే గుంపును పార్టీ అంటరట. మా దిక్కు ఆ మాటకు ఒక్కటే అర్థం. గుట్టకొస్తమని లక్ష్మీరాజానికి పేర్లిచ్చినోళ్లంత పోలీసులకు భయపడి మొకం చాటేసిండ్రు.

ఆ ఐతారం గూడ తాడు ఒళ్లె పెట్టుకొని అరుగు మీద ఒక్కడే కూసున్నడు. ఉండవట్టక అడిగిన: "నిజం చెప్పు కొడుకా, నీ పార్టీల ఎవలెవలున్నరు?"

"నేనొక్కన్నే, చిన్నవ్వా. కింద తాడు పట్టెటోళ్లు లేక నేను సుత ఎక్కుతలేను."