టెంక ఐసు

గూడ్సు గార్డు భార్యకు పగలు నోరు విప్పే యోగం లేదు. ఖరగ్‌పూర్‌లో కాపురం పెట్టిన కొత్తలోనే నాకది అర్థమైంది. ఆయన రాత్రంతా గూడ్సు బండి చివరి పెట్టెలో కూర్చుని, తెల్లారి ఇంటికొచ్చి, అన్నం తిని పడుకునేవారు. ఆ నిద్ర చెడితే మళ్ళీ రాత్రి లైను మీద కన్ను మూతపడుతుంది. అది ఆషామాషీ వ్యవహారం కాదు. అందుకని మా రెండు గదుల క్వార్టర్సులో కిటికీలు మూసేసి, చెంబు కూడా చప్పుడు కాకుండా కింద పెట్టి, ఇద్దరు పిల్లల నోళ్ళకు కాపలా కూర్చునేదాన్ని. ఎండాకాలం ఆ మూసిన గదుల్లో నాకు ఊపిరాడేది కాదు. ఏడుపొచ్చినా పెరట్లోకి వెళ్ళి ఏడవాల్సిందే.

అది ఎనభైల చివర. ఊళ్ళోనే ఇందా అనే పేటలో ఒక బెంగాలీ దీదీ మధ్యాహ్నాలు తన ఇంట్లో ఆడవాళ్ళకు కుట్టు నేర్పేది. ఒకసారి కూరలు కొనుక్కుని వస్తుంటే లోపల వాళ్ళు పగలబడి నవ్వడం వినిపించింది. నిజం చెప్పొద్దూ, నాకు కుట్టు మీద కన్నా ఆ నవ్వు మీదే ఆశ పుట్టింది. పట్టపగలు అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో! ఆయనతో అంటే, రవికలకు టైలరున్నాడు కదా అన్నారు. వద్దని మాత్రం అనలేదు. పిల్లలు గొడవ చెయ్యకుండా ఉంటే వెళ్ళమన్నారు. అంటే వెళ్ళొద్దనే.

మా క్వార్టర్ల వరసకంతటికీ ఫ్రిజ్ మా ఇంట్లోనే ఉండేది. రైల్వే కరెంటు కాబట్టి బయటి బస్తీల్లోలా మాటిమాటికీ పోయేది కాదు. మామిడి రసం స్టీలు గ్లాసుల్లో పోసి, చెంచా గుచ్చి గడ్డకట్టించి ఇస్తే పిల్లలు కిక్కురుమనకుండా చీకేవారు. కాని ఎంతసేపు? నేను చీర మార్చుకునేలోపే అయిపోయేది. ఆ వెంటనే నీది పెద్దది, నాది చిన్నదని తగువు. అప్పుడు తట్టింది, టెంకతో సహా గడ్డకట్టిస్తేనో అని. అక్కడ దొరికే హిమ్‌సాగర్ మామిడి టెంక నున్నగా ఉండి పనికిరాలేదు. బజారులో పీచు పళ్ళే కావాలని ఏరుతుంటే పళ్ళమ్మే బెంగాలీ దాదా నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. పీచు టెంకను గ్లాసులో నిలబెట్టి చుట్టూ రసం పోశాను. పైన ఐసు కరిగినా పీచులో ఇంకా ఐసుంటుంది. ఆ రోజు పిల్లలు వెనక వరండాలో మోచేతుల దాకా కార్చుకుంటూ కూర్చున్నారు. ఆయన లేచేదాకా ఒక్క మాట లేదు. నా సంతోషం ఇంతా అంతా కాదు.

పట్టలేక ఇందా సంగతీ, టెంక సంగతీ పక్కింటి డ్రైవరుగారి భార్యకు చెప్పేశాను. మర్నాడు నేను చెప్పులు వేసుకుంటుండగా ఆవిడ తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళాయనా రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నాడట, ఈ ఒక్క పూటకీ చూడమంది. నలుగురిని వదిలి ఎలా వెళ్ళను? చెప్పులు విప్పేశాను. పాపం, తనూ కాస్త నడుం వాలుస్తుంది కాబోలు అనుకున్నాను. సాయంత్రం తెలిసింది, తను ఇందా వెళ్ళి దీదీ దగ్గర చేరి వచ్చిందని.

ఆ ఒక్క పూట రోజూ వచ్చింది. తర్వాత ఎదురింటావిడ పిల్లలు, ఆ తర్వాత చివరి క్వార్టరు వాళ్ళ పిల్లలు. నాకు ఒళ్ళు మండిపోయేది. అయినా గుమ్మంలో చెయ్యి చాపి నిలబడ్డ పసిదాన్ని పొమ్మని ఏ నోటితో అంటాను? ఆయనైతే మురిసిపోయారు. ఇంతమంది పిల్లలున్నా ఇంత నిద్ర ఎప్పుడూ పట్టలేదట. మా వరస ఆడవాళ్ళు రిక్షాలెక్కి నవ్వుకుంటూ ఇందా పోతుంటే నేను తలుపు సందులోంచి చూసేదాన్ని.

వానలు పడి మామిడిపళ్ళు అయిపోతే నాకు విడుదల అనుకున్నాను. ఆఖరి టెంకలు పారేసిన రోజే పక్కింటావిడ వచ్చింది. తను సొంతంగా కుట్టిన మొదటి రవిక నాకేనట. పెరట్లో ఆరేసిన నా రవిక నాకు తెలియకుండా పట్టుకెళ్ళి కొలత తీసుకుందట. రవికతో పాటు గిన్నె నిండా పనస తొనలు కూడా తెచ్చింది.

"రేపట్నించి నానూ ఇందా వస్తానొదినా" అన్నాను, గొంతు తగ్గించి.

ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "నువ్వొచ్చీస్తే పిల్లల్ని ఎవులు సూస్తారొదినా? మావిడి అయిపోతే ఏటి, పనసలోనూ పిక్కలున్నాయి కదా."

ఆ మాటలో కల్మషం లేదు. అదే నన్ను చంపింది. నాలుగు మాటలు దులిపేద్దామని నోరు తెరిచాను. లోపల మంచం కిర్రుమంది, ఆయన అటు నుంచి ఇటు ఒత్తిగిల్లారు. నోరు మూసుకున్నాను.

ఆవిడ వెళ్ళాక రవిక తొడుక్కుని చూశాను. ఎక్కడా బిగుతు లేదు, అతికినట్టు సరిపోయింది. దానితోనే వంటింట్లో కింద కూర్చుని, చప్పుడు కాకుండా, పనస తొనలు ఒక్కొక్కటే గ్లాసుల్లో వేశాను.