కన్నాలు మూసిన పెట్టె

నిజాం కాలం నాటి మాట. కిరోసిన్ దీపం వేడితో గుడ్లు పొదిగే పెట్టె ఒకటి నా దగ్గర ఉండేది. వేడి బయటికి పోకూడదని దాని కన్నాలన్నీ గుడ్డపేలికలతో మూసేసి, చాలా తెలివైన పని చేశాననుకున్నాను. రెండు విడతలూ కోడిపిల్లలు పెంకులోనే చచ్చిపోయాయి.

రెండో విడత కూడా పోయిన రోజు అమీర్‌పేటలో బస్సెక్కి, పగిలిన గుడ్డొకటి చేతిలో పట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న, మగ్గం నేసే ముసలాయన ఒళ్లో నూలు కట్ట ఉంది. నా గోడంతా విని, పెంకు లోపలి పొరను గోటితో గీకాడు.

"కాగితం లెక్క ఎండింది, బిడ్డా. మగ్గం గుంటల తడి లేకుంటే మా నూలు సుత గిట్లనే తెగుతది. పెట్టెల గిన్నెడు నీళ్లు పెట్టు."

"కన్నాలన్నీ మంచిగ మూసిన గద, తాతా?"

ఆయన ఒక చేత్తో నా ముక్కు పట్టుకుని, రెండో అరచేత్తో నోరు మూశాడు. నేను గింజుకున్నాక వదిలి నవ్వాడు.

"నువ్వే ఆగలేకపోయినవ్. లోపలున్నదానికి ఊపిరొద్దా?"

పంజాగుట్టలో దిగిపోయాడు.

పేలికలు పీకేశాను, నీళ్లగిన్నె పెట్టాను. మూడో విడత ఇరవయ్యొకటో రోజున ఒక పెంకు మీద సన్నని పగులు కనిపించింది. ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఆయన వేళ్లు గుర్తొచ్చి, వదిలాను.

లోపల ఏదో కీచుమంది.