పక్కింటికి పంచిన సిగ్నల్

నాలుగు యాంటెన్నాలను రెండింటి ధరకు కొన్న మొనగాణ్ణి మణికొండ మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. వాటితోనే మా ఆవిడ ఉద్యోగానికి ఎసరు పెట్టిన ఘనత కూడా నాదే. రెండు పనులూ ఒకే వారంలో, ఎవరి సాయమూ లేకుండా చేశాను.

బట్టల దుకాణాల మధ్య పెరిగినవాణ్ణి. ఏ సరుకూ ఊరికే పడి ఉంటే నాకు కుదురుండదు. అద్దె మాట్లాడేటప్పుడే, మా ఫ్లాట్‌కు సరిగ్గా పైనున్న డాబా గదిని కిరాయి లేకుండా కలిపేసుకున్నాను. తర్వాత ఇంట్లో ఇంటర్నెట్ మిగిలిపోతోందనిపించి, పక్క ఫ్లాట్‌లోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి పాస్‌వర్డ్ ఇచ్చి నెల బిల్లులో సగం రాబట్టాను. గిరాకీ దొరికింది కదా అనుకునేలోపే ఫిర్యాదు వచ్చింది.

“అన్నా, మీటింగ్ నడుమల బొమ్మ ఆగిపోతుంది. గిట్లయితే నేనే సొంతంగ పెట్టించుకుంట.”

పరేషానై మదీనాగూడలోని ఎలక్ట్రానిక్స్ దుకాణానికి పరుగెత్తాను. దుకాణదారు రూటర్‌కు బిగించే పొడుగాటి యాంటెన్నాలు తీశాడు. “మీ పాతవి మూడు డీబీఐ సార్. ఇవి తొమ్మిది.”

“డబ్బా చినిగుంది. జర చూసి చెప్పు భాయ్,” అని ధర మీద పడ్డాను. అంకె పెద్దదైతే సరుకు గొప్పదే అనుకున్నాను. యాంటెన్నా బలాన్ని కొలిచే ఆ డీబీఐలో చివరి ‘ఐ’ ఏమిటో అడగనే లేదు.

బిగించిన గంటకే పక్కింటి నుంచి మెసేజ్: “సూపర్ అన్నా.”

ఆ వారమే మా ఆవిడకు ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. యంత్రభాగాలు ఎంత బరువు ఓర్చుకుంటాయో కంప్యూటర్‌లో లెక్కగట్టడం ఆమె పని. పాప పుట్టాక మానేసింది. మళ్ళీ చేరాలని నెలల తరబడి చదువుతూ, వంటింట్లో నాకు పాఠం అప్పజెప్పేది.

“ఐసోట్రోపిక్ అంటే ఎటు లాగినా ఒకేలా ఉండేదండీ. ఉక్కుని దాదాపు అలా అనుకోవచ్చు. చెక్కని అనుకోకూడదు.”

“గుడ్డని కూడా,” అన్నాను. మా నాన్న గిరాకీ ముందు గుడ్డను నిలువుగా, అడ్డంగా లాగి బిగువు చూపించేవాడు. మూలగా మాత్రం లాగేవాడు కాదు. అలా లాగితే సాగుతుంది మరి.

“ఈ ఉదాహరణ బావుందండీ, నేను వాడుకుంటాను,” అంది.

ఖగోళం వాళ్ళు ఇదే మాటను విశ్వానికి వాడతారట. దగ్గర్లో ఒకవైపు సూర్యుడు, ఇంకోవైపు చీకటి ఉన్నా, చాలా పెద్ద ఎత్తున చూస్తే అన్ని దిక్కులూ ఒకేలా కనిపిస్తాయట. ఆ పెద్ద ఎత్తు నాకు తెగ నచ్చింది. మా దుకాణంలో తేడాలన్నీ ఏడాది చివర అలాగే సర్దుకునేవి.

ఇంటర్వ్యూ రోజు పాప గోల వినపడకుండా డాబా గదిలో కూర్చుంది. పాత యాంటెన్నాలున్నప్పుడు అక్కడే సాధన చేసింది కాబట్టి అనుమానం రాలేదు. నేను పాపను చంకనేసుకుని మెట్ల దాకా పోతూ, వస్తూ, మళ్ళీ పోతూ ఉన్నాను. కాసేపటికి చెప్పుల్లేకుండా, ల్యాప్‌టాప్ పట్టుకుని దిగింది.

“సిగ్నల్ పోయింది. ఫోన్‌తో కూడా కలవలేదు. ఏం మార్చారండీ?”

హాల్లో కూర్చుని మళ్ళీ కలిసేసరికి ఆమెకిచ్చిన సమయం అయిపోయింది. వాళ్ళు మర్యాదగా, తర్వాత చెబుతామన్నారు.

సాయంత్రం రూటర్ ముందు నిలబడి ఆ పొడుగాటి పుల్లలను చూసింది.

“యాంటెన్నా వాళ్ళకి ఐసోట్రోపిక్ అనేది ఊహ మాత్రమేనండీ. అన్ని దిక్కులా సమానంగా పంపే యాంటెన్నా ఎక్కడా లేదు. ఉందనుకుని, దాంతో పోల్చి మిగతావాటిని కొలుస్తారు. ఆ ‘ఐ’ అదే. అంకె పెరిగితే పవర్ కొత్తగా పుట్టదు. పిండిముద్దని పుల్కాలా ఒత్తినట్టు, పైకీ కిందికీ తగ్గి పక్కలకి పెరుగుతుంది.”

సరిగ్గా పైన ఆమె గది. పక్కన నా గిరాకీ.

రెండు పుల్లలను అడ్డంగా వంచింది. డాబా మీద సిగ్నల్ వచ్చింది. కాసేపటికి పక్కింటి ఫోన్.

“అన్నా, మళ్ల ఆగుతుంది.”

“ఆగనీ తమ్మీ. నువ్వు సొంతంగనే పెట్టించుకో.”

వేరేవాళ్ళను తీసుకున్నామని తర్వాత ఆమెకు మెయిల్ వచ్చింది. ఏ పదార్థాన్ని ఐసోట్రోపిక్ అనుకోకూడదని వాళ్ళు అడిగినప్పుడు లైన్ తెగిందట. “గుడ్డ గురించి మొదలుపెట్టానండీ,” అంది, పాపకు అన్నం కలుపుతూ.

ఇంటి మొత్తానికి ఒకే లెక్క వేస్తే ఏదో సర్దుకున్నట్టే కనిపిస్తుంది. అందుకే విడివిడిగా వేస్తున్నాను. నాకు ఒక నెల సగం ఇంటర్నెట్ బిల్లు మిగిలింది. ఆమెకు రావాల్సిన ఉద్యోగం పోయింది.