రష్యా లెన్సుతో మా అక్క పెండ్లి

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నీకింకా రాలేదని మా ఇంటావిడ అంటుంది. నిజమే. నేను చెప్పబోయే రోజుల్లో ఫోన్లు ఉన్నాయి, ఫోన్లలో కెమెరాలు ఉన్నాయి, జహీరాబాద్ హైవే పక్కన ఏసీ ఫంక్షన్ హాళ్లు కూడా ఉన్నాయి. లేనిదల్లా నా బుర్రలో గుజ్జు ఒక్కటే. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, వచ్చే సూచనలూ కనబడక, నేను కళాకారుణ్ణని ఒక మంచిరోజు చూసుకుని నిర్ణయించుకున్నాను. కళాకారుడు కావడానికి అప్పట్లో పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు, మెడలో కెమెరా, మొహాన గడ్డం ఉంటే సరిపోయేది. కెమెరా ఎలాగో సంపాదించాను. గడ్డం మాత్రం దవడకు రెండు వైపులా వచ్చి, మధ్యలో కలవకుండా ఆగిపోయింది.

మా అమ్మ తమ్ముణ్ణి ఊళ్లో అందరూ స్టూడియో మామ అనేవారు. రీళ్ల కాలంలో బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో నడిపి, రీళ్లు పోయాక దానికి తాళం వేసి, హాయిగా అల్లం పండించుకుంటున్న మనిషి. ఆయన ఇంట్లో ఒక సందూక పెట్టెలో నాకు పాత రష్యా లెన్సు దొరికింది. చేతిలో పెట్టుకుంటే తూకం రాయంత బరువు, వాసన చూస్తే అడుగంటిన పచ్చడి జాడీ. దాన్ని చూడగానే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఎందుకంటే ఆ సంవత్సరమంతా నేను ఇంటర్నెట్‌లో చదివింది ఒక్కటే: పాత లెన్సులను కొత్త కెమెరాలకు తగిలించి, ఫోకసును చేత్తో తిప్పుకుంటూ తీసేవాడే అసలైన ఫొటోగ్రాఫరు, మిగతావాళ్లు బటన్లు నొక్కే గుమాస్తాలు. మామ మాత్రం నన్ను జాలిగా చూశాడు. "అల్లుడా, దీన్ని తిప్పీ తిప్పీ నా చేతి ఏళ్లు అరిగినయ్. ఇప్పుడు కెమెరాలే సూస్కొని తీస్తున్నయ్ గద, నీకెందుకురా ఈ లొల్లి?" అన్నాడు. వ్యవసాయంలో పడి ఈయనలోని కళ చచ్చిపోయిందని నేను లోలోపల బాధపడ్డాను.

పాత లెన్సు మర ఒక కొలత, కొత్త కెమెరా మూతి ఇంకో కొలత. రెండింటికీ సంబంధం కుదిర్చే పెళ్లిళ్ల పేరయ్య లాంటి ఇనుప రింగు ఒకటి ఉంటుంది, దాన్ని అడాప్టర్ అంటారు. అది కొరియర్‌లో వచ్చిన రోజు మా బాపు దుకాణంలోనే దాన్ని బిగించాను. (మా బాపుది విత్తనాలు, పురుగుమందుల దుకాణం.) బిగించి, మీట నొక్కితే కెమెరా తెర మీద 'లెన్సు లేదు' అని వచ్చింది. మూతి ముందు రాయంత లెన్సు వేలాడుతోంది, కెమెరా లేదంటోంది! పాత లెన్సుకు కరెంటు తీగలు ఉండవు కాబట్టి కెమెరా దాన్ని మనిషిగా కూడా లెక్కచేయదట. లెన్సు లేకపోయినా ఫొటో తియ్యమని లోపల ఎక్కడో ఒక అనుమతి ఇవ్వాలని తర్వాత తెలిసింది. అంతసేపూ బాపు లెక్కలు రాసుకుంటున్నట్టు నటిస్తూ చూస్తూనే ఉన్నాడు.

"ఏందిరా, కొత్తదానికి పాత మూతి పెట్టినవ్?"

"గిది రష్యాది బాపు. దీనికి ఒక క్యారెక్టర్ ఉంటది."

"లెన్సుకుంటె ఏం ఫాయిద? నీకుండాలె."

ఆ పూటతో మా మధ్య యుద్ధం మొదలైంది. నేను దుకాణంలో కూర్చోవాలని బాపు, కూర్చోనని నేను. చివరికి మా పెద్దబాపు (బాపు అన్న) కూతురి పెండ్లి కుదిరినప్పుడు బాపు ఒక తీర్పు చెప్పాడు. "అక్క పెండ్లి ఫొటోలు నువ్వే తియ్యి. మంచిగొస్తె నీ ఇష్టమొచ్చినట్టు తిరుగు, నేను అడ్డం రాను. రాకుంటె తెల్లారి నుంచి దుకాణంల కూసోవాలె. మల్ల కెమెరా పేరెత్తొద్దు." నేను మీసం మెలేశాను. (అదీ మధ్యలో కలిసేది కాదు.) ఆ పెండ్లికి కొత్త లెన్సు ముట్టనని, మొత్తం రష్యా లెన్సుతోనే తీస్తానని ఎవరూ అడక్కుండానే ప్రతిజ్ఞ కూడా చేశాను. నిజానికి అప్పటికి నా అభ్యాసం గొప్పగా ఏమీ లేదు. బస్టాండు దగ్గర షేరింగ్ ఆటోలో కూర్చున్న ముసలాయన ముఖం బాగుందని ఫోకస్ తిప్పడం మొదలుపెడితే, నా తిప్పుడు పూర్తయ్యేలోపు ఆటో ఝరాసంగం చేరిపోయేది.

పెండ్లి పగటిపూట. బావ వాళ్లది బీదర్ వైపు, బాజా మేళం కూడా అక్కడి నుంచే వెంట తెచ్చుకున్నారు. వాళ్లకు తెలుగు అంతంత మాత్రం, పెండ్లి చేయించే మా అయ్యగారికి కన్నడం బొత్తిగా రాదు. పుస్తె (కోస్తా వాళ్లు తాళి అంటారు) కట్టే క్షణానికి గట్టిమేళం మోగాలి, అది మోగగానే అందరూ అక్షింతలు వేయాలి. అది తప్పిపోతుందేమోనని పెద్దబాపు బాజా పెద్దమనిషి దగ్గరికెళ్లి సైగలతో సహా చెప్పాడు. "అయ్యగారు ఏం సదివినా మీకు సమజ్ గాదు. ఫికర్ జెయ్యకున్రి. మంటపం దిక్కు సూసుకుంట ఉండున్రి. చెయ్యి లేసిందంటె కొట్టుడే!" ఆయన "ఆయ్తు రీ" అని తలూపాడు. ఎవరి చెయ్యి అన్నది పెద్దబాపు చెప్పలేదు, ఆయన అడగలేదు.

నేను మంటపం మీద అక్కాబావల ఎదురుగా మోకాలు మీద కూర్చుని ఉన్నాను. చేత్తో ఫోకస్ తిప్పేవాళ్ల కోసం కెమెరాలో ఒక సౌకర్యం ఉంటుంది: ఏది స్పష్టంగా వస్తుందో దాని అంచులు తెరలో రంగుతో మిలమిల మెరుస్తాయి. ఎరుపు, పసుపు, తెలుపు, ఈ మూడింట్లో ఏదో ఒక రంగు మనం ఎంచుకోవాలి. ఇంట్లో ఎరుపు పెట్టుకుని చూసుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. ఇక్కడ చూస్తే చీర ఎరుపు, కుంకుమ ఎరుపు, వెనక కట్టిన పరదా ఎరుపు, పెద్దమ్మ ఏడ్చిన కళ్లు కూడా ఎరుపే. ఏది మెరుపో, ఏది చీరో తెలియలేదు. పసుపుకు మార్చాను. పసుపుతాడు, బంతిపూలు, పారాణి పాదాలు అన్నీ ఒక్కసారి నా మీదికి వచ్చినట్టయింది. తెలుపుకు మార్చాను. బావ ధోవతి, మల్లెపూలు, పళ్లెంలో బియ్యం. ఆ కెమెరా తయారుచేసిన మహానుభావులెవరూ మన పెండ్లికి వచ్చి భోజనం చేసి వెళ్లలేదని అప్పుడు అర్థమైంది. ఈలోగా బావ పుస్తె అందుకుని అక్క మెడ దాకా తీసుకొచ్చాడు. తెరలో నాకు అక్కాబావల తలలు మసకబారి రెండు పుచ్చకాయల్లా తప్ప మరేమీ కనబడటం లేదు. రేపటి నుంచి నా గతి యూరియా బస్తాల మధ్యేనని తెలిసిపోయింది. లెన్సు మీది చెయ్యి తీసి, పైకెత్తి, "బావా, జర ఆగు!" అన్నాను.

చెయ్యి లేచింది. బీదర్ మేళం మోగింది.

ఎలా మోగిందంటే, హాలు పైకప్పు మీది పావురాలు రాయికోడ్ దాకా ఆగకుండా పోయి ఉంటాయి. మేళం మోగితే మనవాళ్లు మంటపం వైపు చూడరు, చేతిలో ఉన్నది విసిరేస్తారు. హాలంతా అక్షింతలు. బావ పుస్తె గాల్లో పట్టుకుని, కట్టాలా వద్దా అని అయ్యగారి వైపు చూస్తున్నాడు. అయ్యగారు "ఆగున్రి! ఇంక లగ్గం గాలె! ఆగున్రయ్యా!" అని గొంతు చించుకుంటున్నారు, ఆ మోతలో ఆయన మాట ఆయనకే వినబడి ఉండదు. పెద్దబాపు పరుగెత్తుకుంటూ వెళ్లి డోలును రెండు చేతులా వాటేసుకున్నాడు. అక్క అయితే తల వంచుకుని కూర్చోవాల్సింది పోయి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది. తీరా అసలు ముహూర్తం వచ్చి అయ్యగారు స్వయంగా చెయ్యి ఎత్తితే, బాజా పెద్దమనిషి కదల్లేదు. ఒకసారి తిట్లు తిన్న మనిషి, అంత తొందరగా నమ్ముతాడా? ఆయన పెద్దబాపు వైపు చూసి, పెద్దబాపు ఆయన వైపు చూసి, వీళ్ల చూపులు అయ్యేసరికి బావ మూడు ముళ్లూ వేసేశాడు. అక్షింతలు ఎవరి దగ్గరా లేవు. ఎవరో వంటవాళ్ల దగ్గరికి పరుగెత్తి బియ్యం తెచ్చేసరికి అక్కాబావా లేచి నిలబడ్డారు.

సాయంత్రం ఫొటోలు చూశాం. పుస్తె కడుతున్న ఫొటోలో అందరూ పొగమంచులో ఉన్నారు, ఒక్క అయ్యగారి చెవి మాత్రం అద్భుతంగా వచ్చింది. దాని మీది వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనబడుతున్నాయి. పోనీ చుట్టాలు ఫోన్లలో తీసినవి చూద్దామంటే, అన్నింట్లోనూ ముందర నా వీపే ఉంది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. "పుస్తె కట్టిన ఫొటో లేని పెండ్లి ఎక్కడన్న ఉన్నదా? రేపు మనుమలకు ఏం సూపియ్యాలె, అయ్యగారి చెవు సూపియ్యాల్నా?" బాపు దుకాణం తాళంచెవులు తీసి నా ముందు పెట్టాడు. సిగ్గుతో నా తల లేవలేదు. జన్మలో అంత చిన్నబోయింది లేదు.

నన్ను కాపాడింది అక్కే. "మొదటిసారి మేం ఇంటికొచ్చినప్పుడు మల్ల తీద్దాం తియ్, అదే బట్టలు కట్టుకుంటం. తమ్ముణ్ణి ఏమనకున్రి," అంది. బాపు తాళంచెవులు తిరిగి తీసుకుని, ఆ ఒక్క ఫొటో దాకా తీర్పు వాయిదా వేశాడు. అలా న్యాల్‌కల్‌లో పెద్దబాపు ఇంటి నడిమింట్లో మళ్లీ పెండ్లి జరిగింది. గోడకు ఎర్ర పూల దుప్పటి కట్టాం. అయ్యగారు లేరు, మేళం లేదు (నా చెయ్యి లేస్తే ఈసారి కుక్క కూడా మొరగలేదు). ఒక్కటే చిక్కు వచ్చింది. అక్క మెడలో అప్పటికే పుస్తె ఉంది. ఒక్క నిమిషం తీస్తే సరిపోతుంది కదా అని బావ నోరు జారాడు. పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏందీ? కట్టిన పుస్తె తీసుడా? మల్ల ఆ మాటంటె అల్లుడని గూడ సూడ!" బావ తలుపు చాటుకు వెళ్లి మళ్లీ వచ్చాడు. దాంతో ఉన్న పుస్తెను పూలదండ కిందికి తోసి, ఒక పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి బావ చేతికిచ్చాం.

ఈసారి నాకు తొందర లేదు. బావ చేతులు చాపి అలాగే నిలబడ్డాడు. "బామ్మర్దీ, చేతులు గుంజుతున్నయ్," అన్నాడు. "కదలకు బావా, కళ ఇట్లనే ఉంటది," అన్నాను. మెరుపు రంగు తెలుపు పెట్టి, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి చొప్పున రింగు తిప్పుతున్నాను. అంతలో ఫ్రేము నడుమ ఏదో ఒకటి కోహినూరు వజ్రంలా తళుక్కుమంది. దొరికింది! ఇంతకన్నా పదునైన ఫోకస్ ప్రపంచంలో ఎవడూ పెట్టి ఉండడు. నొక్కేశాను.

పెద్ద సైజు ప్రింటు తీయించి తెచ్చిన రోజు ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. రష్యా లెన్సు మహిమకు వెనక దుప్పటి పూలన్నీ మసకగా సుడి తిరిగి, అక్కాబావా దేవుళ్లలా ఉన్నారు. పెద్దమ్మ నా తల నిమిరి బుగ్గలు పుణికింది. పెద్దబాపు అక్కడే మేకులు వెతికాడు. అక్క ఫొటోను చూసి, నన్ను చూసి, పెదవి కొరుక్కుని వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల నుంచి చాలాసేపు నవ్వు వినబడింది, సంతోషంతో అనుకున్నాను. బాపు మాత్రం మందు డబ్బాల మీద చిన్న అక్షరాలు చదివే కళ్లజోడు పెట్టుకుని, ఫొటోను దగ్గరికీ దూరానికీ జరిపి చూసి, తిరిగి ఇచ్చేశాడు.

తెల్లారి దుకాణం తెరిచే వేళకు వెళ్లి, తీర్పు కోసం మెట్ల దగ్గర నిలబడ్డాను.

"ఫొటో మంచిగొచ్చిందిరా," అన్నాడు బాపు. "గని, మెడల పుస్తె ఉన్నదానికి మల్ల పుస్తె కట్టిచ్చినవ్."

నాకు మొదట అర్థం కాలేదు. ఫొటోను మళ్లీ కళ్ల ముందుకు తెచ్చుకున్నాక అర్థమైంది. దండ పక్కకు జరిగింది. తళుక్కుమన్న ఆ వజ్రం అక్క మెడలోని బంగారు పుస్తె! ఫొటో మొత్తంలో దానికన్నా స్పష్టంగా వచ్చింది మరొకటి లేదు.

"ఎవ్వరన్న సూసిన్రా?" అని అడిగాడు బాపు.

వంటింట్లోంచి వచ్చిన నవ్వు అప్పుడు గుర్తొచ్చింది. "అక్క సూసినట్టున్నది బాపు."

"పోనీ తియ్. మీ పెద్దమ్మకు చెప్పకు, పానం ఇడుస్తది." నేను తల వంచుకుని తాళంచెవుల కోసం చెయ్యి చాపాను. బాపు వాటిని జేబులో వేసుకున్నాడు. "నువ్వు ఈ మెట్లెక్కకు. కండ్ల ముంగట తళతళ మెరిసేది ఏందో సోయి లేనోడివి, రేపు పురుగుమందని గడ్డిమందు ఇస్తవ్. చేను మాడినంక రైతులు నన్ను రోడ్డు మీదికి గుంజుతరు. పో, ఫొటోలే తీసుకో. ఫొటోలల్లయితె ఎవ్వని పంట మాడది."

అలా నేను ఫొటోగ్రాఫర్‌నయ్యాను. ఇప్పుడు నా కెమెరాలు మనిషి కన్ను ఎక్కడుందో వాటంతటవే వెతుక్కుంటాయి, పెండ్లికొడుకును ఆగమని అడిగే పని లేదు. ఆ ఫొటో బీదర్‌లో అక్క ఇంట్లో గోడ మీద ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు "మా ఆయనకు నమ్మకం సాలలే, రెండుమాట్ల కట్టిండు" అని అక్క చెబుతుంది. వెళ్లినప్పుడల్లా నేను దాని ముందు కాసేపు నిలబడతాను. మోకాలు మీద కూర్చుని, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, లోకంలో ఇంకెవరూ తీయని ఫొటో తీస్తున్నానని నమ్మిన ఆ అతుకుల గడ్డం కుర్రవాడి మీద ఎంతో ప్రేమ పుడుతుంది. ఆ రోజు వాడు రెండో కన్ను కూడా తెరిచి చూసి ఉంటే, సోయి ఉన్నోడని బాపు ఎలాగో దుకాణంలోకి లాగేవాడు, నేనీపాటికి గడ్డిమందు అమ్ముకుంటూ ఉండేవాణ్ణి.